టికెట్ కొని తెచ్చుకున్న చెవుడు

కరీంనగర్ పొలిమేరలో గ్రానైట్ లారీలు ఆగే మైదానాన్ని చదును చేసి కార్ల పందేలు పెట్టారు. సాయిచంద్ తాను చేసుకోబోయే నవతనూ, ఆమె తల్లి కమలవ్వనూ వెంటబెట్టుకుని వెళ్లాడు. పందెంలో దిగేవాళ్లలో సగం మంది తన దోస్తులేనని దారి పొడవునా చెప్తూనే ఉన్నాడు.

మొదటి కారు స్టార్ట్ కాగానే నవతకు ఒళ్లు మండింది. అన్నీ సైలెన్సర్ పీకేసిన బండ్లే. ఇంజిన్ ఉరిమినప్పుడల్లా కూర్చున్న కుర్చీలు వణికాయి. జనం చెవులు మూసుకునేది పోయి ఈలలు వేశారు. వేదిక మీది అతిథులకు మాత్రం చెవులు కప్పుకునే ఎర్రటి మఫ్‌లు ఇచ్చారు. ఆ పెద్దమనుషులు వాటిని పూలదండల్లా మెడలో వేసుకుని ఫొటోలు దిగారే తప్ప, ఒక్కరూ చెవికి పెట్టుకున్న పాపాన పోలేదు.

కమలవ్వ సిరిసిల్లలో బతుకంతా మరమగ్గాల మోతలో పనిచేసింది. ఇప్పుడు ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. అవ్వ పిల్లల కడుపు నింపడానికి చెవులు ఇచ్చింది. వీళ్లేమో టికెట్ కొని మరీ ఇచ్చిపోతున్నారు! తూ, వీళ్ల చదువులు తగలెయ్య, అనుకుంది నవత.

సంచిలోంచి మెత్తటి ఇయర్ ప్లగ్గులు తీసి ముందు తల్లి చెవులకు పెట్టి, తర్వాత తానూ పెట్టుకుంది. సాయిచంద్ పగలబడి నవ్వి, పక్కనున్న దోస్తు తిరుమలను మోచేత్తో పొడిచాడు.

"సూడురా! పాడువడ్డ ఇంటికి తాళమేస్తుంది."

"అవ్వకు ఇంకా జర మిగిలింది. గదన్న ఉండనియ్యి," అంది నవత. "నువ్వు గూడ పెట్టుకో. ఇంకో జత ఉంది."

"మొగోడు గివి పెట్టుకుంటడా? సౌండ్ లేకుంటే గిది రేసెట్లయితది?"

అని కంచె దగ్గరికి పోయి నిలబడ్డాడు. అక్కడ ఆగివున్న కారు పొగగొట్టం సరిగ్గా అతని వైపే ఉంది. డ్రైవరు జనానికి సంబురం చూపించాలని యాక్సిలరేటర్ తొక్కి తొక్కి వదిలాడు. బాంబులు పేలినట్టు ఢాం ఢామని మోత, వెంట మంట. సాయిచంద్ ఫోన్ ఎత్తి వీడియో తీస్తూనే ఉన్నాడు. కారు పోయాక చెవిలో వేలు పెట్టి ఆడించుకుంటూ, పాలిపోయిన మొహంతో తిరిగివచ్చాడు.

"మస్తుండె గదా!" అని అరిచాడు. ఎంత గట్టిగా అరుస్తున్నాడో అతనికే తెలియదు. ముందు వరుస వాళ్లు ఉలిక్కిపడి చూశారు.

నవత తన ప్లగ్గులు తీసింది. "నేను నిన్ను చేసుకోను," అంది మామూలు గొంతుతో.

"ఆఁ, ఆఁ! వచ్చేసారి గూడ వద్దాం," అంటూ తలూపాడు.

కూతురి పెదాలనే చూస్తున్న కమలవ్వకు మాత్రం మొత్తం అర్థమైంది. నవత భుజం పట్టుకుంది.

"నన్నన్న మాట నేను గూడ సూసిన బిడ్డా. గంత మాటకే సంబంధం ఇడిసిపెడ్తమా?"

"మాట ఒక్కటే కాదవ్వా. గా నవ్వు పక్కల పెట్టుకొని నేను బతకలేను."

ఇంజిన్లన్నీ ఆగివున్నాయి. నవత సాయిచంద్ వైపు తిరిగి, "నేను నిన్ను చేసుకోను!" అని గొంతెత్తి చెప్పింది. చుట్టుపక్కల అందరికీ వినబడింది, అతనికి తప్ప.

"ఏమంటుందిరా?" అని తిరుమలను అడిగాడు.

పాపం తిరుమల! దోస్తు చెవిలో నోరు పెట్టి, "నిన్ను చేసుకోదట!" అని అరవాల్సి వచ్చింది.

తల్లీకూతుళ్లు సిరిసిల్ల బస్సెక్కారు. కమలవ్వ వేములవాడ దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. తర్వాత మెల్లగా, "నాకు గూడ మొదటిసంది నచ్చలే," అంది. "నాతోని మాట్లాడేటప్పుడు మొకం అటు తిప్పుతడు."

రెండు మూడు రోజులకు సాయిచంద్ తల్లి ఫోన్ చేసింది. కొడుకు ఎడమ చెవిలో ఒకటే కూతట, రాత్రిళ్లు నిద్ర లేదట, ఇదంతా నవత నోటి ఉసురేనట. నవత ఆమె తిట్లన్నీ ఓపికగా విని, కరీంనగర్‌లో చెవుల డాక్టరు ఎక్కడ కూర్చుంటాడో చెప్పి ఫోన్ పెట్టేసింది.