ఇళ్లకు రావద్దన్నది నేనే

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి మా లాండ్రీలో అందరికీ తెలుసు, మా వీధిలో ఇంకా బాగా తెలుసు. ఆ నోరు చూసే నన్ను కమిటీలో వేసుకున్నారు. మానసిక జబ్బుల మీద ఏదో పరిశోధన చేస్తారట, అది ఎలా చెయ్యాలో చెప్పడానికి డాక్టర్లు కాని మనుషులు కావాలట. జబ్బు మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకున్నవాళ్లయితే మరీ మంచిదట. మా అమ్మను పదకొండేళ్లు చూసుకున్నాను కాబట్టి నేను పనికొచ్చాను. నాతో పాటు మా వీధిలోనే ఉండే లెక్కల మాస్టారు, సెలూన్ బాబాయ్, ఇంకో ఇద్దరు.

మొదటి మీటింగులో డాక్టరమ్మ కాగితాలు పంచింది. నాకంటే చిన్నది, ఎవరు మాట్లాడినా పెన్ను పట్టుకుని శ్రద్ధగా వినే మనిషి. పరిశోధనలో చేరినవాళ్ల ఇంటికి వారానికోసారి ఒక మనిషి వెళ్లి, కూర్చుని, మాట్లాడించి వస్తుందని అందులో ఉంది. అది చూడగానే నేను ఒంటికాలి మీద లేచాను.

“మీరు పెద్ద చదువులు చదివారు గానీ, వీధి సంగతి మీకు తెలీదు,” అన్నాను. “మా అమ్మ కోసం ఆస్పత్రి వ్యాను వచ్చిన రోజు వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. నలుగురు మగాళ్లు ఆవిడ కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకెళ్లారు. తిరిగొచ్చాక చచ్చిపోయేదాకా నాతో నోరు విప్పి మాట్లాడలేదు. మీ మనుషులు ఎవరి గుమ్మమూ తొక్కొద్దు. బాగుపడాలనుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే మీ దగ్గరికొస్తారు.”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డాక్టరమ్మ ఆ పేజీ మొత్తం కొట్టేసింది. మాట్లాడించే పనంతా వాళ్ల పరిశోధన సెంటర్లోనే జరిగేలా రాసి, అనుమతులిచ్చే పై కమిటీని ఒప్పించింది. ఏదో పెద్ద సభలో, ఈ మార్పు మా సభ్యురాలి మాట వల్లే వచ్చిందని కూడా చెప్పిందట. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. లాండ్రీలో కనబడ్డవాళ్లందరినీ ఆపి మరీ చెప్పాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలకి అమ్మ జబ్బే మా తమ్ముడికొచ్చింది.

వాడూ నేనూ ఒకే లాండ్రీలో పని. హోటళ్ల దుప్పట్లు మడిచే చోట ఆ కొస వాడు, ఈ కొస నేను. ఒక మధ్యాహ్నం దుప్పటి అంచులు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

“మడవరా,” అన్నాను.

“ఎటు మడవాలక్కా?” అన్నాడు.

తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని. పరాచికాలాడుతున్నాడనుకుని నవ్వాను. వాడు మళ్లీ అదే అడిగాడు. అప్పుడు వాడి మొహం సరిగ్గా చూశాను. అది మా అమ్మ మొహం.

ఆ సాయంత్రం గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నాడు. ఇప్పటికి నాలుగు నెలలు. నేను పనికెళ్లాక బయటికొచ్చి స్నానం చేస్తాడు, ఒక్కోసారి అదీ చెయ్యడు. గుమ్మం దగ్గర అన్నం పెడితే సగం తింటాడు. పోయిన వారం తలుపు అవతల నుంచి, “నేను లేకపోతే నీకు సుఖం కదక్కా,” అన్నాడు. కోపంగా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పనిలో ఉన్నా ప్రాణమంతా ఆ గది దగ్గరే.

పరిశోధనలో చేర్చుకునేది ఈ శుక్రవారం దాకానే. చేరినవాళ్లను ఏడాది పాటు కనిపెట్టుకుని ఉంటారు. కానీ సెంటరుకి రావాలి, ఎవరి కాళ్ల మీద వాళ్లు. సోమవారం వాణ్ణి బతిమాలి బామాలి వీధి గుమ్మం దాకా తెచ్చాను. గడప మీద కాలు పెట్టి వీధిలోకి చూశాడు. ఒళ్లంతా చెమటలు పట్టి వెనక్కి పరుగెత్తాడు. పెద్దాస్పత్రికి ఫోన్ చేస్తే, రాకపోతే వ్యాను పంపిస్తామన్నారు. ఫోన్ పెట్టేశాను.

కమిటీలో ఎవరికీ ఇది చెప్పలేదు. తమ్ముడు వేరే ఊళ్లో పనికెళ్లాడని మాస్టారితో అబద్ధమాడాను. జబ్బు దాచుకోవద్దని జనానికి ఎలా చెప్పాలో ప్రతి నెలా కూర్చుని సలహాలిచ్చాను. సిగ్గు లేదు నాకు.

బుధవారం మీటింగులో అందరూ కూర్చోకముందే మొదలుపెట్టాను. “ఇళ్లకెళ్లే పని మళ్లీ పెట్టండి.”

డాక్టరమ్మ తెల్లబోయింది. “అది మీరు తీయించిందే కదండీ.”

“తప్పు చెప్పాను. మళ్లీ పెట్టండి, రేపే.”

“రేపెలా కుదురుతుంది? పై కమిటీ ఒప్పుకోవాలి. తక్కువలో తక్కువ రెండు నెలలు పడుతుంది.”

“తీసెయ్యడానికి నా మాట సరిపోయింది, పెట్టడానికి సరిపోదా?”

మాస్టారు కల్పించుకున్నారు. “కూర్చోమ్మా. ఆ రోజు నువ్వు మా కళ్లు తెరిపించావు. ఇప్పుడేమైంది?”

ఆయన అంత మర్యాదగా అడిగేసరికి ఇంక దాచలేకపోయాను. “మా తమ్ముడు ఏ ఊరూ వెళ్లలేదు మాస్టారూ. నాలుగు నెలలుగా గదిలోనే ఉన్నాడు. మీరు పొద్దున్నే ఆ కిటికీ పక్కనుంచే నడకకెళ్తారు. మీకు తెలిసిపోతుందనే దాచాను. ఆ రోజు నేను జబ్బు మనుషుల కోసం మాట్లాడలేదు, నా పరువు కోసం మాట్లాడాను. రావాలనుకున్నవాళ్లు వస్తారన్నాను కదా. వాడికి రావాలనే ఉంది. గడప దాటలేకపోతున్నాడు.”

“శుక్రవారం లోపు మార్చడం నా చేతుల్లో లేదండీ,” అంది డాక్టరమ్మ.

“శుక్రవారం లోపు వాడు చచ్చిపోతే?”

ఆ మాట అంతవరకూ నాలో నేను కూడా అనుకోలేదు. అనేశాక కుర్చీలో కూర్చున్నాను. సెలూన్ బాబాయ్ వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

డాక్టరమ్మ కాగితాలు మూసేసింది. “పరిశోధన మనిషిగా రాలేను. నా అంతట నేనే వస్తాను, ఇప్పుడే. వ్యాను ఉండదు, ఇంకెవరూ ఉండరు. బయటికి తెలిస్తే నా ఉద్యోగానికే ఎసరు.”

“మేమేం వినలేదమ్మా,” అన్నారు మాస్టారు. “వెళ్లండి.”

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. డాక్టరమ్మ చెప్పులు బయట విడిచి, చప్పుడు చెయ్యకుండా నా వెనకే గది దాకా వచ్చింది. తలుపు తట్టాను. లోపల మంచం కిర్రుమంది. బతికే ఉన్నాడు, అది చాలనిపించింది.

“ఎవరితో వచ్చావక్కా?” అన్నాడు.

కమిటీలో చెప్పనిది ఇంకొకటుంది, ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది. వ్యాను వచ్చిన రోజు మా అమ్మ కూడా ఇదే గదిలో గడియ పెట్టుకుంది. ఎవరొచ్చారే అని అడిగింది. ఎవరూ లేరమ్మా, నేనొక్కదాన్నే, అన్నాను. ఆ నలుగురూ నా పక్కనే నిలబడి ఉన్నారు. నా మాట నమ్మి ఆవిడ తలుపు తీసింది. తమ్ముడికప్పుడు పదమూడేళ్లు, వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

“అక్కా, ఎవరూ రాలేదు కదా?”

రాలేదంటే తీస్తాడు. ఒక్క మాట చాలు. డాక్టరమ్మ నా మొహంలోకి చూసి, వద్దన్నట్టు తలూపింది. ఆవిడకేం తెలుసని ఊపిందో నాకు తెలీదు.

“వచ్చారురా,” అన్నాను. “డాక్టరమ్మ వచ్చింది. ఒక్కతే. నా పక్కనే ఉంది.”

గడియ తీసిన చప్పుడు కోసం చెవి తలుపుకి ఆనించాను. రాలేదు. వాడు మాత్రం దగ్గరికొచ్చాడు, తలుపుకి అవతల వాడి ఊపిరి వినబడింది.

“అమ్మకి కూడా ఇలాగే నిజం చెప్పాల్సిందక్కా,” అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. “చెప్పాల్సిందిరా,” అన్నాను.