పారిస్ పావురం, పదకొండు నిమిషాలు

ఇలా నా పక్కకు వచ్చి కూర్చోవే మనవరాలా, ఆ కుర్చీ ఇంకాస్త జరుపు. గొంతు పెంచే ఓపిక నాకు లేదు, చెప్పాల్సింది మాత్రం బోలెడుంది.

మీ తాతయ్య అల్ఫోన్స్ ఆంట్‌వెర్ప్ రేవులో సరుకు దించేవాడు. ఒక ఏడు సరుకు పెట్టె మీద పడి ఆయన కుడిచేయి నలిగిపోయింది. పావురాలను పట్టే చెయ్యి అదే. మేడ మీది గూట్లో ఇరవై పావురాలుండేవి. ఆయన అటు చూడడమే మానేశాడు. పావురాల పందేలు నడిపే క్లబ్బులో రెమీ అనే లావుపాటి మనిషి, "అన్నీ నాకిచ్చెయ్‌రా అల్ఫోన్సూ, ఆదివారం పందెం అవగానే బుట్టలు తెస్తా" అంటే తలూపాడు.

నాకు ఒళ్లు మండింది. "పందెం నేనాడతా. మన పావురం ఒక్కటైనా మొదటి నలభైలో ఉండి పట్టికకెక్కితే ఏదీ ఇచ్చేది లేదు" అన్నాను.

"ఆడదానివి, దాన్ని పట్టగలవా?" అని రెమీ నవ్వాడు.

"నిన్ను ఎత్తమంటే కష్టంగానీ, పావురమెంత!"

అందరి పావురాలనూ పారిస్ తీసుకెళ్లి ఒక్కసారే వదిలితే, ఎవరిది వాళ్ల గూటికి ఎగిరి రావాలి, అదీ పందెం. అక్కణ్నుంచి మా ఇంటికి గాలిలో దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఎవరి గూడు ఎంత దూరమో క్లబ్బువాళ్లు మీటర్లతో సహా రాసిపెట్టుకుని, దాన్ని పట్టిన సమయంతో భాగించి వేగం తేల్చేవారు. వచ్చిన సమయాన్ని ముద్రవేసే పందెం గడియారం మాకు సొంతంగా లేదు. పావురం కాలికున్న రబ్బరు ఉంగరం తీసుకుని, క్లబ్బు గడియారం ఉన్న బీరు దుకాణం దాకా పరిగెత్తాలి.

ఏడింటికి వదిలారని రేడియో చెప్పింది. నాలుగు గంటలైనా పడుతుందనుకుని చర్చికి వెళ్లాను. గాలి పావురాలను వెనకనుంచి తోస్తోందన్న సంగతి పట్టించుకోలేదు. పదీ ఇరవైకి పెరట్లో అడుగుపెట్టానో లేదో, నీలం పావురం దూసుకొచ్చింది. నన్ను చూసి బెదిరి పొగగొట్టం మీద కూర్చుంది.

నా తలమీద కొత్త ఎర్ర టోపీ! కొత్త రంగు కంటపడితే పావురం దిగదని, పందెం రోజున మా వీధిలో ఎవరూ దుప్పట్లు కూడా ఆరేసేవారు కాదు. నేనేమో నిప్పులా వెలుగుతూ నిలబడ్డాను.

టోపీ విసిరేశాను. దిగలేదు. కొత్త కోటు విప్పాను. ఊహూఁ.

"వదిలెయ్యవే గోదెలీవా, అయిపోయింది" అన్నాడు తాతయ్య కిటికీలోంచి.

"నువ్వు నోరు మూసుకుని, గూట్లోకి వేసుకెళ్లే నీ పాత చొక్కా ఇలా పడెయ్!"

అది తొడుక్కుని మేడెక్కి, బఠానీల డబ్బా ఆడించాను. ఆయనలా ఈల వేయబోతే ఉత్త గాలే వచ్చింది. అయినా ఆపలేదు. ఐదు నిమిషాలు, పది. కింద వీధిలో ఎవరో దుకాణం వైపు పరిగెత్తుతున్నారు. చెయ్యి లాగేస్తున్నా డబ్బా ఆడిస్తూనే ఉన్నాను. పదకొండో నిమిషంలో అది గూటి పలక మీద వాలి, మెడ అటూ ఇటూ తిప్పి, తీరిగ్గా లోపలికి నడిచింది. పట్టుకున్నాను. ఉంగరం లాగి, చెప్పులు వదిలేసి, వీధంతా చూస్తుండగా పరిగెత్తాను.

సాయంత్రం పట్టిక అతికించారు. మాది ముప్పై ఏడు.

"చివర్న వేలాడుతున్నావు కదమ్మా!" అన్నాడు రెమీ.

"వేలాడినా పట్టికలోనే ఉన్నాను. నీ బుట్టలు ఇంటికి మోసుకుపో."

మర్నాడు తాతయ్య ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని గూటికెక్కాడు. నేను పావురాన్ని పట్టే తీరంతా తప్పట, మొదట్నుంచీ నేర్పాడు.

ఇది నీ పిల్లలకూ చెప్పవే. పారిస్ ఎంత దూరమో మర్చిపోయినా ఫర్వాలేదు. ఆ పదకొండు నిమిషాలను మాత్రం తగ్గించి చెప్పకు.