పందొమ్మిది బంతిపూల దండలు

“గ్రైండర్‌కు దండేంది? అదేమన్న సంపాదిస్తదా?”

ప్రతి దసరాకీ మా ఆయన పాండురంగ అనే మాట ఇది. నాచారంలో ఆయన లేత్ వర్క్‌షాప్‌లో పందొమ్మిది మిషన్లు. ఆయుధపూజకు మిషన్‌కొక బంతిపూల దండ వెయ్యాలి. ఉప్పల్ మార్కెట్ నుంచి ఆ దండలు మోసుకొచ్చేది నేను, మిషన్ల జిడ్డు తుడిచి పసుపూ కుంకుమా పెట్టేది నేను. పూజలో కూర్చునేది మాత్రం ఆయన. ఇరవయ్యో దండ నా చిల్లరతో కొనుక్కుని ఇంట్లో గ్రైండర్‌కు వేసేదాన్ని. పదకొండేళ్ళు పదిమంది పనివాళ్ళకు పొద్దుటి ఇడ్లీలు ఆ గ్రైండర్ పిండితోనే వెళ్ళాయి. ఒక ఏడాది ఎండిపోయిన దండలు అసహ్యంగా ఉన్నాయని తీసి పారేస్తే, మా అత్త తారామణి పనివాళ్ళ ముందే నా చెంప పగలగొట్టింది. “దండలు వాటంతట అవే రాలిపొయ్యేదాంక ముట్టొద్దని తెల్వదా? నా కొడుకు కడుపు మీద కొడ్తవా?” పాండురంగ అక్కడే నిలబడి టీ తాగాడు.

విడాకులకు నేను అడ్డు చెప్పలేదు. నాకూ, మా అమ్మాయి సిరికీ రావలసింది ఇమ్మన్నాను, అంతే. వర్క్‌షాప్ మూతపడిందనీ, మిషన్లన్నీ జూన్‌లో పాత ఇనుముకు అమ్మేశాననీ, ఇప్పుడు కూలికి పోతున్నాననీ ఆయన కోర్టుకు ప్రమాణపత్రం ఇచ్చాడు. నా లాయరే నమ్మేశాడు. “మూతపడ్డ షాపులోంచి ఏం రాలుతుందండీ ఛాయాదేవిగారూ, ఇచ్చింది పుచ్చుకోండి,” అన్నాడు. ఆయనకో దణ్ణం పెట్టి, నా కేసు నేనే వాదించుకుంటానని జడ్జిగారికి రాసిచ్చాను. ఆ రోజు కోర్టు మెట్ల మీద పాండురంగ పగలబడి నవ్వాడు. “పిండి రుబ్బెటోళ్ళు గూడ వకీళ్ళయితున్నరా ఇగ?”

ఆయనకు తెలియనిది ఒకటుంది. దసరా రోజు పూలమ్మే కనకమహాలక్ష్మి నాకు ఫోన్ చేసింది. మేం విడిపోయిన సంగతి ఆమెకు తెలియదు. “అమ్మా, సారు పందొమ్మిదే పట్టుకెళ్ళారు. మీ ఇరవయ్యోది మర్చిపోయినట్టున్నారు, ఉంచమంటారా?” అంది. ఉంచమన్నాను. రెండు నెలలు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అన్నం కలుపుకుంటున్నా, సిటీ బస్సులో వేలాడుతున్నా, అదే తలుచుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. పగ ఇంత తీయగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఇవాళ ఆయన బోనెక్కాడు. ప్రశ్నలు నావి.

“ఈ దసరాకు ఆయుధపూజ చేశారా?”

“చెయ్యకుంటెట్ల? ఒక్క ఏడు గూడ తప్పలే,” అన్నాడు గొప్పగా.

“జూన్‌లో మిషన్లు అమ్మేశాక పూజ వేటికి?”

ఆయన తన లాయరు వైపు చూశాడు. లాయరు కాగితాల్లోకి చూసుకున్నాడు. “స్కూటర్‌కు,” అన్నాడు పాండురంగ.

“ఒక్క స్కూటర్‌కు పందొమ్మిది దండలా?”

పూలమ్మే ఆమె బయట బెంచీ మీదే ఉందనీ, పిలిస్తే వచ్చి చెబుతుందనీ జడ్జిగారికి మనవి చేశాను. షాపు చూసిరావడానికి కోర్టు తరఫున కమిషనర్‌ను పంపమని అడిగాను. రేపైతే మిషన్లు ఉండవు, ఇవాళే పంపండి అన్నాను. జడ్జిగారు ఒప్పుకున్నారు.

మూడు గంటలకు నాచారంలో షట్టర్ లేచింది. పందొమ్మిది మిషన్లూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

“ఇవి నావి గావు సార్. మా కనకరాజు బావయి. ఆయనకు జాగ లేదంటె నిన్ననే ఈడ దింపిచ్చిన,” అన్నాడు పాండురంగ. కమిషనర్ నా వైపు చూశాడు. నేను వేలు పెట్టి చూపించాను. ప్రతి మిషన్ మీదా దసరా దండ, ఎండి నల్లబడి, ఇంకా వేలాడుతూనే ఉంది. ఒక్కటీ తియ్యలేదు. అమ్మ మాట దాటని కొడుకు కదా.

“నిన్న దింపిన మిషన్లకు రెండు నెలల నాటి దండలు ఎలా వచ్చాయండీ?” అన్నాను.

తారామణి గుమ్మంలో నిలబడి ఆ దండలకేసే చూస్తోంది. ఆమె ముఖం అలా మాడిపోవడం నేను కళ్ళారా, తనివితీరా చూశాను. జాలి కలగలేదు. ఎన్నేళ్ళుగానో మండుతున్న నా చెంప అప్పుడు చల్లబడింది.

కమిషనర్ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ చివరిదాకా వెళ్ళాడు. “పందొమ్మిది. అంతేనా అమ్మా?”

“ఇరవై,” అన్నాను. “ఇంట్లో గ్రైండర్ ఉంది. పదకొండేళ్ళలో అదెంత సంపాదించిందో నేను చెబుతాను, రాసుకోండి.”