నీళ్ల పంపు నాలుగో బోల్టు

శ్రీరాంపూర్ గనుల వర్క్‌షాపులో యెషయాకు ఒక పేరుండేది. ఏ ఇంజనులో బోల్టు విరిగి ఇరుక్కున్నా "యెషయన్నను పిలువుండ్రి" అనేవారు. డంపర్లవి, లారీలవి, ఎన్ని తీశాడో ఆయనకే గుర్తులేదు. పదవీ విరమణ రోజున శాలువా కప్పుతూ ఫోర్‌మన్ నవ్వులాటకు అడిగాడు.

"ఇగ తియ్యాల్సిన బోల్టు ఏమన్న మిగిలిందా అన్నా?"

అందరితో పాటు యెషయా కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం కంచం ముందు ఊరికే కూర్చుండిపోయాడు.

"ఏమైంది?" అంది భార్య రిబ్కమ్మ.

"ఒకటి మిగిలింది. జైనూర్ల."

ఏ బోల్టో ఆమెకు చెప్పనక్కరలేదు. "పానం మంచిగున్నప్పుడే పోయి రారాదు మరి," అంది.

ఇరవై రెండేళ్ల కిందట జైనూరులో యెషయాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. స్నేహితుడు భానుప్రసాద్‌కు జీపు ఉండేది. భాను వాళ్లది సిరిసిల్లలో మగ్గాల కుటుంబం. ఆ సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు పడక, ఉన్నదంతా ఊడ్చి పాత జీపు కొనుక్కుని ఈ అడవి దారిన పడ్డాడు. జైనూరు నుంచి ఉట్నూరుకు మనుషుల్ని చేరవేసేవాడు. పదిమంది పట్టే బండిలో పద్దెనిమిది మంది, సంత రోజైతే పైన కోళ్ల గంపలు కూడా.

బండి భానుదే అయినా, దాని ప్రాణం యెషయా చేతిలో ఉండేది. చలికాలం పొద్దున మంచు కమ్మితే భాను తోలేవాడు, యెషయా పక్కకు వేలాడుతూ "ఎడమకు, ఎడమకు, గుంత ఉన్నది" అని దారి చెప్పేవాడు. వానాకాలం వాగులో బండి ఆగితే ఇద్దరూ మోకాలిలోతు నీళ్లలో నిలబడి నెట్టేవారు. మధ్యాహ్నం టేకుచెట్ల కింద బండి ఆపుకుని, శంకరవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెలు చెరిసగం తినేవారు. శంకరవ్వ భాను భార్య. యెషయా కోసమని ఎప్పుడూ ఒక రొట్టె ఎక్కువే కట్టేది.

ఆ ఎండాకాలం ఒక పెళ్లివారు జీపు మాట్లాడుకున్నారు. బయలుదేరే వేళకు నీళ్ల పంపు కారడం మొదలుపెట్టింది. పంపును ఇంజను దిమ్మకు పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో మూడు మంచిగానే వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదల్లేదు.

"మెల్లగ చెయ్‌రా," అన్నాడు భాను.

పెళ్లివారు తొందర పెడుతున్నారు. యెషయా పానాకు ఇనప గొట్టం తొడిగి ఒళ్లంతా బరువేసి నొక్కాడు. టప్పున బోల్టు తల తెగి కిందపడింది. మొండెం దిమ్మ లోపలే ఉండిపోయింది.

పెళ్లివారందరి ముందు భాను అన్నాడు: "పానా పట్టరానోనికి బండి అప్పజెప్పిన. నాదే తప్పు."

తప్పు తనదేనని యెషయాకు తెలుసు. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది. సామాన్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. పెళ్లివారు ట్రాక్టరు మీద పోయారు. వారం తిరక్కముందే యెషయా శ్రీరాంపూర్‌లో పనికి కుదిరాడు. విరిగిన బోల్టులు తీసే పని అక్కడ పట్టుబట్టి మరీ నేర్చుకున్నాడు.

విరమణ తరువాత నాలుగో రోజున అదే సామాన్ల సంచితో బస్సెక్కాడు. జన్నారం దాటాక టేకు చెట్లు మొదలయ్యాయి. ఉట్నూరులో బస్సు మారాక, మలుపులన్నీ కళ్లు మూసుకున్నా తెలిశాయి. పదకొండు గంటలకు జైనూరులో దిగాడు.

భాను ఇంటి ముందు ఇప్పుడొక కిరాణా కొట్టు ఉంది. గల్లా దగ్గర శంకరవ్వ కూర్చుని ఉంది. ఒక్క క్షణం చూసి లేచి నిలబడింది.

"యెషయన్నా! గిన్నేండ్లకు యాదికొచ్చినమా?"

"భాను ఉన్నడా చెల్లె?"

భాను లోపలి నుంచి వచ్చాడు. జుట్టంతా నెరిసింది. యెషయాను చూశాడు, చేతిలో సంచిని చూశాడు.

"బోల్టు తీసేందుకు వచ్చిన," అన్నాడు యెషయా. "బండి ఉన్నదా?"

భాను పెరట్లోకి నడిచాడు. రేకుల కొట్టంలో, పరదా కింద జీపు ఉంది. పరదా లాగి బానెట్ ఎత్తాడు. ఇద్దరూ కలిసి రేడియేటర్ విప్పి పక్కన పెట్టారు.

యెషయా టార్చి వేసి చూశాడు. దిమ్మలో బోల్టు మొండెం అలాగే ఉంది. కానీ దాని చుట్టూ తుప్పు లేదు, తడిగా మెరుస్తోంది.

"ఇదేందిరా?"

"ఏటేట వానలు పడకముందు డీజిల్ చుక్క పోస్తున్న," అన్నాడు భాను ఎటో చూస్తూ. "ఇంజను పట్టుకపోకుండ నెలకోసారి చేత్తోని తిప్పుతున్న."

"మరి ఎవలతోనన్న తీపియ్యకపోయినవ్?"

"వేరెటోడు చెయ్యి పెడితే నువ్వు ఇగ రావనిపించింది."

యెషయా చాలాసేపు టార్చి ఆర్పలేదు.

ఊళ్లో ఇనప గేట్లు చేసే సంపత్ తన వెల్డింగు మిషను, గ్యాసు తెచ్చిచ్చాడు. యెషయా బోల్టు మొండెం మీద ఒక నట్టు ఆనించి, నట్టు నడిమి బెజ్జంలో వెల్డింగు పోసి రెండింటినీ అతికించాడు. చల్లారాక పానా వేసి తిప్పితే నట్టు ఊడి వచ్చేసింది. రెండోదీ అంతే. సంపత్ పెదవి విరిచాడు. "డ్రిల్లు కొట్టి కొత్త మర కొయ్యరాదే?"

"గది ఆఖరుకు. జర ఓపిక పట్టు తమ్మీ."

ఈసారి దిమ్మను చుట్టూ గ్యాసు మంటతో వేడి చేశాడు. శంకరవ్వనడిగి కొట్టులోంచి కొవ్వొత్తి తెప్పించి, వేడి బోల్టు అంచుకు తాకించాడు. మైనం కరిగి మర చుట్ల సందుల్లోకి ఇంకిపోయింది. మూడో నట్టు అతికించి, దాని ఎరుపు తగ్గేదాకా పక్కనే గోనెసంచి మీద కూర్చున్నాడు. భాను కూడా కూర్చున్నాడు.

"నాదే తప్పురా," అన్నాడు యెషయా. "నువ్వు మెల్లగ అన్నవ్. నేనే ఇనలే."

"గీ ముక్క చెప్పనీకి ఇరవై రెండేండ్లు నీకు బస్సు దొరకలేదా?"

"నువ్వన్న మాట తక్కువదా మరి?"

"తక్కువది కాదు." భాను తల వంచుకున్నాడు. "ఆ దినం రాత్రే నీ షెడ్డు కాడికి వచ్చిన. తాళం ఉండె."

యెషయా లేచి పానా అందుకున్నాడు. బిగించే వైపు వెంట్రుకవాసి, విప్పే వైపు వెంట్రుకవాసి. ముందుకు, వెనక్కి. లోపల కిర్రుమంది. పావు చుట్టు, అర చుట్టు, తర్వాత గుడ్డ చుట్టిన వేళ్లతో తిప్పినా వచ్చింది. వేలెడంత బోల్టు బయటపడింది. భాను ఆత్రంగా పట్టుకుని, వేడికి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేస్తూ "సచ్చినోడా, సచ్చినోడా" అని తిట్టాడు. ఎవర్ని తిట్టాడో గానీ యెషయాకు కన్నీళ్లొచ్చేదాకా నవ్వొచ్చింది.

కొత్త పంపు ఆదిలాబాద్ నుంచి రావడానికి మూడు రోజులు పట్టింది. యెషయా అక్కడే ఉండిపోయాడు. డీజిల్ గొట్టాలు కడిగారు, టైర్లు ఎరువు తెచ్చారు, ట్రాక్టరు బ్యాటరీ తగిలించారు. ఐదో రోజు పొద్దున ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి అందుకుంది. నీళ్ల పంపు దగ్గర ఒక్క చుక్క కారలేదు.

బండి కాయితాల గడువు ఎప్పుడో తీరిపోయింది. రోడ్డెక్కే వీల్లేదు. పెరటి వెనక భాను పత్తిచేను చుట్టూ ఉన్న బండ్లబాట పట్టారు. భాను తోలుతున్నాడు. యెషయా పక్కన కూర్చున్నాడు. కొట్టుకు తాళం వేసి శంకరవ్వ కూడా ఎక్కింది.

చేను మూల తిరిగాక ఆమె వెనక నుంచి అంది: "గీ బండి కొన్నకాడికెల్లి నేను ఎక్కుడు గిదే మొదటిసారి, తెలుసా అన్నా?"

యెషయా వెనక్కి తిరిగాడు. "నిజమా?"

"ఎన్నడు జాగ ఉండె? ఎప్పుడు జూసినా మంది, కోళ్లు."

భాను అద్దంలోంచి ఆమె వంక చూశాడు. బాట ఇంటి వైపు మలుపు తిరిగేచోట బండి నెమ్మది చేశాడు.

"ఇంటికి మలపకుండ్రి," అంది శంకరవ్వ. "ఇంకోసారి తిప్పుండ్రి."