గుండీ కింద మాట

చలికాలం ముంగిట వచ్చే పొక్రోవా పండుగ దాటి, బీట్ దుంపల తవ్వకం ముగిసి, వీధిలో బురద గడ్డకట్టడం మొదలైందంటే ఊళ్ళోని పాత బట్టలన్నీ కిలీనా ఇంటి దారి పట్టేవి. వేసవంతా పొలంలో నడుం విరిగేలా పనిచేసిన ఆడవాళ్ళు "చలికాలంలో చూద్దాంలే" అని మూలన పడేసినవన్నీ ఒక్కసారే మూటగట్టి తెచ్చేవాళ్ళు. మోచేతుల దగ్గర చిరిగిన చొక్కాలు, బొటనవేలు ఊడిన ఊలు తొడుగులు, ఎలుక కొరికిన గొర్రెతోలు కోటు. వాటితోపాటు ఎర్రదారంతో క్రాస్ కుట్టు మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన పెళ్ళి తువ్వాళ్ళు, దిండు గలీబులు. వాటి మీద కుట్టిన ఒక కోడికి తోకుండదు, మరో కోడికి తలే ఉండదు. కిలీనా పొయ్యి పక్కన బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కటే ముందేసుకునేది. శుక్రవారం మాత్రం సూది ముట్టేది కాదు. ఆ ఊళ్ళో ఎవరూ ముట్టరు.

పక్కింటి మెలాష్క రోజూ వచ్చి కూర్చునేది. మనవరాలి పెళ్ళి తువ్వాలు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికని పేరు. రాగానే తువ్వాలు తిరగేసి వెనకవైపు వేలితో తడిమేది. వెనక ముడి తగిలితే పెళ్ళికూతురి కాపురంలో చిక్కులు తప్పవని ఆ ఊరి పట్టింపు.

"తప్పు దొరికిందా పిన్నీ?" అంది కిలీనా.

"దొరికితే ఊరుకుంటానా? ఈపాటికి వీధంతా చెప్పేసి ఉండేదాన్ని" అంది మెలాష్క. "ఊళ్ళో కోళ్ళన్నిటికీ తోకలు పెడుతున్నావు సరే. ఆ పెట్టెలో ఉన్నదాన్ని ఎప్పుడు పూర్తిచేస్తావే?"

కిలీనా సూదిలోకి కొత్త దారం ఎక్కించింది. పెట్టెలో ఉన్నది ఆమె సొంత పెళ్ళి తువ్వాలు. జంట పిట్టల్లో ఒకటే అయింది. పద్నాలుగేళ్ళ కిందట, ఆమెను పెళ్ళాడాల్సిన తిమీష్ ఊరు విడిచిన రోజున అది అక్కడే ఆగిపోయింది.

ఒంటిమీదున్న బట్టకు కుట్టు వేస్తే ఆ నిమిషంలో మనిషి మనసులో ఏముంటే అది కూడా కుట్టులో పడి మూసుకుపోతుంది. అందుకే ఎవరికైనా తొడుక్కున్న చొక్కా మీదే కుట్టాల్సి వస్తే ముందు పళ్ళ మధ్య ఒక దారప్పోగు కరిపిస్తారు, కుట్టు అయ్యేదాకా నోరు మెదపనివ్వరు. తేనెటీగలు పెంచే ఒమేల్కోకు అతని పెళ్ళాం ఒకసారి తొందరలో పోగు లేకుండానే జేబు కుట్టేసింది. అప్పుడతను మనసులో అత్తగారిని తిట్టుకుంటున్నాడు. ఇంకేముంది, అత్తగారి పేరూ ముఖమూ ఇల్లూ అన్నీ మరిచిపోయాడు. విప్పడం పెద్ద పనేం కాదు, కుట్టిన చెయ్యే ఆ దారాన్ని తెంచాలి. వేరేవాళ్ళు తెంచితే మాత్రం లోపలున్నది పోయినట్టే. ఒమేల్కో పెళ్ళాం కత్తెర పట్టుకుని వెంటపడితే, అతను చొక్కాతో సహా పారిపోయి వారం రోజులు కొట్టంలో పడుకున్నాడు.

తిమీష్‌ది నవ్వుకునే సంగతి కాదు. అతను ఖెర్సోన్ రేవులో ఏడాది పనిచేసి వచ్చి, మళ్ళీ అక్కడికే బయలుదేరాడు. వచ్చాక పెళ్ళి. బస్సు ఇంజను మోగుతోంది. పెట్టె కింద పెట్టి "కిలీనా, నీకో మాట చెప్పాలి" అన్నాడు. ముఖం అదోలా ఉంది. కోటు పై గుండీ ఊడి వేలాడుతోంది. "చెప్పు, ఈలోగా ఇది కుట్టేస్తాను" అంటూ ఆమె కాలరుకు గుచ్చుకున్న సూది తీసింది. పోగు సంగతి ఆమెకు తెలియక కాదు. నోట్లో పోగుంటే మాట్లాడకూడదు కదా, మరి ఆ మాట ఏమిటో వినాలి కదా. ఆత్రం కొద్దీ అతని నోరు ఖాళీగా వదిలేసింది. అతను ఒకసారి నోరు తెరిచి మూశాడు. ఆమె దారం కొరికి తలెత్తేసరికి, దారినపోయే మనిషిని చూసినట్టు చూసి "చాలా మంచిదండీ, ఉంటాను" అని బస్సెక్కేశాడు. కత్తెర కోసం ఇంటికి పరుగెత్తి వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము మాత్రమే మిగిలింది.

ఆ చలికాలమే తిమీష్ ఆ కోటును ఉత్తరాదికి పోతున్న తోటి పనివాడికి ఇచ్చేశాడు. కొన్నేళ్ళకు తల్లి పోతే ఊరికి వచ్చి, పిండిమరలో పనికి కుదిరాడు. ఊరంతా కలిసి అతని కథ అతనికే చెప్పింది. అతను పెద్దమనిషిలా కిలీనా గేటు దగ్గరికి వచ్చి, టోపీ తీసి, "నేను మిమ్మల్ని చాలా ప్రేమించానట. క్షమించండి, గుర్తు లేదు" అన్నాడు. అప్పటినుంచీ దారిలో కనిపిస్తే "నమస్కారం కిలీనా గారూ" అనేవాడు. ఆ 'గారు' విన్నప్పుడల్లా ఆమె తలదించుకుని నడక పెంచేది.

అతనూ పెళ్ళి చేసుకోలేదు. ఉత్తరాదినుంచి ఎవరొచ్చినా కోటు గురించి ఆరా తీసేవాడు. కిలీనా ఆ చెప్పని మాటను ఎన్ని రకాలుగానో పూరించుకుంది. వెళ్ళను అనబోయాడేమో. నువ్వూ రా అనబోయాడేమో. చొక్కాలకు మాసికలు వేస్తూ ఒక్కోరోజు ఒక్కో మాట ఖాయం చేసుకుని, ఆ రోజంతా దానితో గడిపేది.

ఒక గురువారం మధ్యాహ్నం తలుపు తోసుకుని తిమీష్ వచ్చాడు. చంకలో ఒక మూట.

"దొరికింది కిలీనా గారూ. అప్పుడు కోటు తీసుకున్నాయన ఉద్యోగం విరమించి ఇంటికి పోతూ మధ్యలో దిగి ఇచ్చివెళ్ళాడు. గుండీ అలాగే ఉంది."

మెలాష్క ఇద్దరి ముఖాలూ చూసింది. "పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను" అని లేచి వెళ్ళింది. ఆవిడ ఆవును అమ్మేసి ఏడాదైంది.

తిమీష్ కోటు తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర అందలేదు, చేతులు పైకి లాక్కుపోయాయి. నల్ల గుండీని పట్టుకుని ఎర్రదారం, నాలుగు రంధ్రాల మధ్య క్రాస్‌గా వేసిన ఆమె కుట్టు. కిలీనా కత్తెర అందుకుని దారం దాకా తెచ్చి ఆపింది.

"భయంగా ఉందా?" అన్నాడు.

"మీకు లేదా?"

"నాకెందుకండీ భయం? ఏటి ఒడ్డూ, చెర్రీ తోటా, మనిద్దరం తడిసిపోయి ఇంటికి రావడం, అన్నీ ఊరందరికీ గుర్తున్నాయి, నాకు తప్ప. ఎవరో పొరుగువాడి పెళ్ళి కబుర్లు విన్నట్టు విన్నాను ఇన్నేళ్ళూ. నాది నాకు ఇచ్చేయండి."

ఆమె తెంచింది. గుండీ నేల మీద పడి బెంచీ కిందికి దొర్లింది.

తిమీష్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ చూపు పాతది. "కిలీనా" అన్నాడు. గారూ లేదు, అండీ లేదు. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. కానీ అతని నోరు ఆగలేదు. బస్సు దగ్గర ఎక్కడ తెగిందో అక్కడినుంచే మాట అందుకుంది.

"నా కోసం ఎదురుచూడకు. ఖెర్సోన్‌లో ఒకమ్మాయి ఉంది. నేను వచ్చిన రోజే చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు."

అనేశాక చేత్తో నోరు మూసుకున్నాడు.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. కిలీనా కత్తెరను మెల్లగా బెంచీ మీద పెట్టింది.

"ఆ అమ్మాయి ఏమైంది?"

"ఆమె కూడా ఇందులోనే పడిపోయింది" అన్నాడు గుడ్డ కింది దారపు కొసలు తడుముతూ. "రేవులో దిగినప్పుడు ఎవరో అమ్మాయి చెయ్యి ఊపింది. పక్కవాడి కోసం అనుకుని నా దారిన నేను పోయాను."

కిలీనా పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.

"ఇన్నేళ్ళూ నేను కూడా ఎదురుచూశాను కిలీనా. నా ప్రేమ ఇందులో భద్రంగా ఉందనుకున్నాను."

"లేదా?"

"ఉంది. ఏరూ ఉంది, తోటా ఉంది. దాని మీద ఇదీ ఉంది." అతను తలవంచుకున్నాడు. "ఆ రోజే చెప్పగలిగి ఉంటే ఏం చేసేదానివి?"

"ఏడ్చేదాన్ని. ఒక ఏడాది ఏడ్చి ఊరుకునేదాన్ని."

అతను మోకాళ్ళ మీద వంగి బెంచీ కింద వెతికి, గుండీ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. "మళ్ళీ కుట్టెయ్యి. అప్పటిలాగే."

అప్పటిలాగే అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది. కుట్టేస్తే రేపు దారిలో మళ్ళీ టోపీ తీస్తాడు, నమస్కారం పెడతాడు. కళ్ళలో మళ్ళీ ఆ ఆశ. తను కూడా ఏమీ వినలేదనుకుంటే సరి. సూదిలోకి దారం ఎక్కించింది. అతని నోరు ఎదురుగా, ఖాళీగా ఉంది. ఎంత తేలిక! అలా సూది పట్టుకుని నిలబడిపోయింది.

తర్వాత ఉండలోనుంచి ఇంకో పోగు తెంచింది.

"నోరు తెరువు."

"కిలీనా, వద్దు..."

"తెరువు అంటున్నానా?"

మందు తాగే పిల్లవాడిలా తెరిచాడు. పోగు కరుచుకున్నాక అతనికి మాట్లాడే వీలు లేదు, కళ్ళనుంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. ఆమె తొందరపడకుండా నాలుగు రంధ్రాల్లోంచీ దారం లాగి, బిగించి, అతని ఛాతీ మీదికి వంగి కొరికింది. కోటులో ఎవరిదో పరాయి పొగాకు వాసన. "అయింది, వెళ్ళు" అంది. అతను పోగును నోట్లోంచి తీసి, గుమ్మం దాకా వెళ్ళి, ఒకసారి ఆగి, వెళ్ళిపోయాడు.

గేటు చప్పుడైందో లేదో మెలాష్క వచ్చిపడింది. కిలీనా ఎవరిదో చిరిగిన గలీబులో ముఖం దాచుకుని వెక్కిళ్ళు పెడుతోంది.

"ఏమైందే? వాడికి గుర్తు రాలేదా?"

"వచ్చింది పిన్నీ."

"వస్తే ఈ ఏడుపేమిటే పిచ్చిదానా?"

"ఇది ఎప్పుడో ఏడవాల్సింది. ఇప్పటికి కుదిరింది."

మెలాష్క ఆ గలీబును మెల్లగా లాగి అవతల పెట్టింది. పక్కన కూర్చుని ఆమె తలను ఒళ్ళోకి లాక్కుని, "ఏడువమ్మా. కోడి తోక నేను కుడతాలే" అంది.

"నీ కుట్టునిండా ముడులే పిన్నీ" అంది కిలీనా ఏడుస్తూనే.

ఆ వారంలోనే తిమీష్ ఖెర్సోన్ బస్సెక్కాడని ఊళ్ళో అనుకున్నారు. కిలీనా చలికాలమంతా చొక్కాలు కుడుతూ ఏడ్చింది. మంచు కరిగాక దుంపల విత్తనాలు వేస్తూ ఏడ్చింది, కలుపు తీస్తూ ఏడ్చింది. ఎవరూ ఆమెను వారించలేదు. తను చెప్పినట్టే ఏడాది పట్టింది. తర్వాత ఊరుకుంది.