వంగిన వీపు కొలత

చొక్కాల కొలతలు రాసిన పెద్దమనుషులారా, మీలో ఒక్కరన్నా శనగచేలో వంగి చూశారా? చూడలేదు. మనిషిని నిటారుగా నిలబెట్టి టేపు చుట్టారు, అంకెలు వేశారు, దానికి సైజు చార్టు అని పేరు పెట్టారు. వంగి పనిచేసే ఆడదానికి మాత్రం మొగుడి పాత చొక్కా వదిలేశారు. ఆమె వంగిన ప్రతిసారీ అది పైకి లేస్తుంది. శనగ పీకే కూలామె ఓబులమ్మకు రవికెకూ చీరకూ నడుమ, ఎండకు మాడిన నల్లటి పట్టీ ఉంది. ముప్పైయేళ్ల పట్టీ. ఆ వాత పెట్టింది మీరే.

ఆ పట్టీ ఈ పొద్దు కనిపిస్తుందా లేదా అని నౌషీన్ ఓబులమ్మ వెనకాల కూర్చుని చూస్తోంది. ఉయ్యాలవాడ దారి పక్కన నల్లరేగడి చేను. ఇంకా మంచు ఆరలేదు. ఆరకముందే శనగ పీకాలి, ఎండెక్కితే కాయ రాలుతుంది. మంచులో పీకితే మొక్క పులుపు వేళ్లను కొరుకుతుంది. అందుకే పదిమంది ఆడవాళ్లూ వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని వరసగా వంగారు. ఓబులమ్మ ఒంటిమీద మాత్రం కొత్త చొక్కా. నౌషీన్ కుట్టిన మూడోది.

"అట్నే వంగుండు అత్తా, ఒక్క నిమిషం."

"వంగేది గూడా నువ్వు నేర్పిచ్చాల్నా? అత్తా అత్తా అంటాండావ్, నీకియ్యను నాకు కొడుకు యాడుండాడు మే?"

వరసంతా నవ్వింది. నౌషీన్ కూడా నవ్వింది గానీ కళ్లు ఫోన్‌లో టైము మీదే. పదకొండింటికి నంద్యాల కాలేజీలో ఆఖరి ప్రాజెక్టు చూపించాలి. తప్పితే ఏడాది పోతుంది. ఫ్యాషన్ డిజైన్ డిప్లొమా అంటే తోటివాళ్లు పెళ్లి లెహంగాలు కుట్టారు, రాళ్లు అతికించారు. నౌషీన్ కూలామె చొక్కా ఎంచుకుంది. "పనికి రాకపోతే ఫెయిల్ చేస్తాను, తర్వాత ఏడవొద్దు" అని నిర్మల మేడం ముందే చెప్పింది.

మొదటి చొక్కా అమ్మ జైతున్‌బీ నేర్పిన పద్ధతిలోనే కుట్టింది. ఆళ్లగడ్డలో వాళ్ల మిషను కొట్టు ముందు ఓబులమ్మను నిలబెట్టి, టేపు పెట్టి, చార్టుతో సరిచూసి కత్తిరించింది. ఫోటోలో బ్రహ్మాండంగా ఉంది. చేలో వంగగానే వీపు జానెడు పైకి లేచింది, చంక కింద కుట్టు పర్రుమని చిరిగింది. "నిలబడుకుంటే నాది, వంగితే ఎవుర్దో" అంది ఓబులమ్మ. నౌషీన్ బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. రెండోది చుట్టూ పొడుగు పెంచి కుట్టింది. ముందు భాగం వేలాడి మొక్కల్లో చిక్కుకుంది.

అప్పుడు ఓబులమ్మే విసుక్కుంది. "నీ టేపు నాకర్థం గాదు. దారం తే పాపా." చేలోనే వంగి, మెడ ఎముక దగ్గర దారం పట్టుకుని, నడుము దాకా లాగి ముడి వేయించింది. భుజానికొక ముడి, చేతికొక ముడి. ఇంటికెళ్లి ఆ దారాన్ని కాగితం మీద పరిస్తే నౌషీన్‌కు ఒళ్లు ఝల్లుమంది. వంగినప్పుడు మనిషి వీపు పెరుగుతుంది, ముందు తగ్గుతుంది. మూడేళ్ల చదువులో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. కాలేజీలో ఆమె గీసిన బొమ్మలన్నీ నిలబడే ఉన్నాయి. వాటికి మొహాలు లేవు, పాదాలకు మట్టి లేదు.

ఆ దారంతోనే రెండు చొక్కాలు కుట్టింది, ఒకటి కాలేజీకి, ఒకటి ఓబులమ్మకు. వెనక ఆరు వేళ్లు పొడుగు. భుజాల కింద వంగితే విచ్చుకునే మడతలు. చెయ్యి చాస్తే కుట్టు చిరగకుండా చంకలో పలక ముక్క. వేళ్ల మొదళ్ల దాకా వచ్చే చేతులు, బొటనవేలికి కంత.

ఓబులమ్మ సాలు చివరికంటా పోయి లేచింది. పట్టీ ఒక్కసారి కూడా కనిపించలేదు.

"ఎట్లుండాది అత్తా?"

"ఏమో మే. ఒంటిమీద చొక్కా ఉండాదని మతికే రాలే."

నౌషీన్ బస్సు కోసం గట్టు మీద పరిగెత్తింది.

కాలేజీలో బొమ్మకు తొడిగిన చొక్కా చుట్టూ నిర్మల మేడం రెండుసార్లు తిరిగింది. "వీపు మీద ఇంత గుడ్డ ఎందుకు మిగిలింది? ముందు పొట్టి, వెనక పొడుగు. చార్టు చూశావా అసలు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"చార్టు నిలబడిన మనిషిది మేడం. ఈ బొమ్మ వంగదు. మీరు తొడుక్కోండి." అని, ఏం చేస్తోందో తనకే తెలియకుండా నౌషీన్ గుండుసూదుల డబ్బా నేల మీద బోర్లించింది. "ఇప్పుడు ఏరండి."

మేడం ఆమెను చూసింది, సూదులను చూసింది. చొక్కా తీసి చీర మీద తొడుక్కుని వంగింది. ఒక సూది, రెండు, పది. మడతలు విచ్చుకున్నాయి, అంచు నడుము వదల్లేదు. ఆమె చివరి సూది దాకా ఏరింది. లేచాక ఆమె నోట పుస్తకాల తెలుగు రాలేదు.

"ఈ వీపు కొలత యాడ తీసినావే?"

"శనగచేలో మేడం."

"కాజాలు దరిద్రంగా ఉండాయి, మళ్లా కుట్టు. పాసయినావ్ పో." తర్వాత క్లాసు వైపు తిరిగింది. "సోమవారం ఎవురూ ఈడికి రావద్దు. టేపులు తీసుకుని చేనుకు రాండి."

సాయంత్రం నౌషీన్ ఆళ్లగడ్డలో దిగి, ఆ మాట ఓబులమ్మకు చెప్పాలని, కూలీల బండి ఆగే తమ కొట్టు దగ్గరికి దాదాపు ఉరికింది. జైతున్‌బీ మిషను ఆపింది.

"మేస్త్రీ బండి మధ్యాన్నమే వచ్చింది బేటీ. శనగ అయిపాయె గదా, పదిమందీ గుంటూరు పక్క మిరప కోతకు పోయినారు. ఓబులమ్మ కొత్త చొక్కాతోనే ఎక్కింది. ఎక్కినోళ్లందరికీ వీపు తిప్పి చూపిచ్చింది, నవ్వలేక సచ్చినా." ఒక మూట ముందుకు తోసింది. "ఇది నీకియ్యమంది. ఉగాదికి వస్తారంట, ఆలోపల అన్నీ కుట్టాల్నంట."

మూటలో నీలం చారల చొక్కా. ఓబులమ్మ మొగుడు మద్దిలేటి పోయి ఆరేళ్లు. అతను వదిలిన ఆరు చొక్కాల్లో మిగిలిన ఆఖరిది. ఇక ఆమెకు దానితో పని లేదు.

ఇంక మీరు చేయాల్సింది వినండి. ఆ చార్టు గోడ మీంచి పీకండి. టేపు పట్టుకుని చేనుకు రండి, ముందు మీరు వంగండి, ఆ తర్వాత వంగిన వీపు కొలత రాసుకోండి. ఉగాది దాకా గడువు. నౌషీన్ అప్పుడే కత్తెర తీసింది.

మిషను పక్క మేకుకు మద్దిలేటి చొక్కా వేలాడుతోంది. దాని పై కాజాకు తొమ్మిది దారాలు కట్టి ఉన్నాయి. ఒకదానికి ఎర్రగాజు ముక్క, ఒకదానికి పచ్చచీర పీలిక, మిగిలిన తొమ్మిదిమందిలో ఏ దారం ఎవరిదో తెలిసేటట్టు. అన్నిటికీ మూడేసి ముడులు.