పురిటింటఁ దండ్రి

శ్రావణమేఘముల చాటునుండి వెలువడలేక వెలువడుచున్న బాలభానుని కాంతి కెరటాల నురుగుపైఁ బసిఁడిపూఁత పూయుచుండ రాత్రియెల్లఁ గురిసిన వానకుఁ దాటాకుటిండ్ల చూరులింకను నీరు కార్చుచుండ జాలరులు వలలు భుజముల కెత్తుకొని పడవలను సంద్రములోనికిఁ ద్రోయుచున్న కోలాహలవేళ, ఇంటింటికిఁ దిరిగి బాలింతలను బసికందులను బరామర్శించు నర్సు సుభాషిణి బురదయైన చీరకుచ్చెళ్లతో నొక పూరింటి వాకిట నిలిచెను.

ఆ యింటి కోడలు పోలమ్మ నెలలు నిండకమున్నే కనిన మగబిడ్డ పిడికెఁడంతయే యుండెను. వానిని గూర్చి సుభాషిణికి గంపెడు బెంగ. ఎల్లవేళలఁ దల్లి యెదకు హత్తుకొనియే యుంచుఁడని ముందునాఁడే పదేపదే చెప్పి పోయినది. నేఁడు లోపల నడుగిడి చూచెను. పోలమ్మ చలిజ్వరమున గడగడ వడఁకుచుండెను. బిడ్డయో ఆచారము చొప్పునఁ బాతచీర పఱచిన చేటలోఁ బడియుండెను. పాదములు ముట్టిచూడఁ జల్లగానుండెను. పెదవికిఁ బాలు తాఁకించినను నోరు కదల్పఁడయ్యెను.

ఆసుపత్రి బండికై ఫోను చేయఁగా వాగు పొంగినది, జాగగునని బదులు వచ్చెను. అంతదాఁక వానికొక వెచ్చని యెద కావలయును. నాయనమ్మ నూకాలికి విడువని దగ్గు. సుభాషిణి పోలమ్మ జ్వరము దింపవలసియున్నది. అప్పుడామె చూపు గడప కవతల వల పట్టుకొని దిగులుగా నిలిచిన బిడ్డతండ్రి కారయ్యపైఁ బడెను.

"కారయ్యా, చొక్కా విప్పి లోపలికి రా. బిడ్డను నీ గుండెకు ఆనించుకోవాలి."

నూకాలు చప్పున నడ్డము వచ్చెను. మైల తీఱకమున్ను పురిటిబిడ్డ నంటినవాఁడు పడవ నంటరాదనునది యా వాడ కట్టడి. అంటెనా గంగమ్మ యలుగును, వల రిత్తగా వచ్చునని వారి భయము.

"ఓలమ్మా, మైలొదల్నేదు! ఈడు ముట్టుకుంతే పడవెవులెక్కనిత్తారు? ఏటి తింతాం?"

తీరమునుండి తోడివారు కారయ్యను బేరుపెట్టి కేకవేసిరి. వాఁడటు చూచెను, చేటవంకఁ జూచెను. వల జాఱవిడిచెను.

"పడవెల్లిపోతే ఎల్లిపోనీయే అమ్మా. ఈడు పోతే నానేటి సేయాల?"

తుపానుగాలికి జంకని యా విశాలవక్షముపై సుభాషిణి పసికందును బోర్లఁ బరుండఁబెట్టి తలకుఁ గుల్లాయి తొడిగి పొడిచీరతోఁ దండ్రీకొడుకుల నిరువురఁ గలిపి చుట్టెను. పోలమ్మకు మందు మ్రింగించుచు నుదుటఁ దడిగుడ్డ వేయుచు సుభాషిణి మాటిమాటికి నా చిన్నిపాదములను దడవి చూచుచుండెను. చల్లఁదనము మెల్లమెల్లగా విడిచెను! బుగ్గల కెఱుపు తిరిగెను! ఆమె కానందము పట్టశక్యము గాకపోయెను. అంతలో బిడ్డ తల కదల్చి నోరు తెఱచి దేనినో వెదకి వెదకి తండ్రి యెదనే పట్టుకొనెను.

"అమ్మగోరూ! నన్ను సీకుతున్నాడు!"

నూకాలు కన్నీళ్లతోఁ బకపక నవ్వెను. "నీకాడ పాలేటున్నాయిరా ఎర్రిమొగమా! తల్లికాడెట్టు!"

జ్వరము తగ్గుముఖము పట్టిన పోలమ్మ గోడకుఁ జేరగిలి చేతులు చాఁచెను. ఆ చిట్టిగొంతు గుటుకుమన్న చప్పుడునకు నలుగురు నొక్కసారిగా నూపిరి పీల్చుకొనిరి.

బండి వచ్చెను. పోలమ్మ సుభాషిణి భుజ మూఁతగా నడచుచుండఁ గొడుకును మరల గుండెకుఁ గట్టుకొని కారయ్య వీథిలోనికి వచ్చెను. మైల సోఁకునని జాలరివాడ జంకి చూచుచుండఁగా వారికి ముందుగా నూకాలు కొంగు బిగించి దగ్గుచునే బిగ్గఱగా నఱచుచు సాగెను.

"తప్పుకోండొరే! నా మనవడొత్తన్నాడు!"